పాతకాలపు హాట్ రాడ్ స్కేల్ మోడళ్లు: అపోహలు - వాస్తవాలు

హాట్ రాడ్ అంటే వేగం కోసం మార్చి కట్టుకున్న పాత కారు. 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ (గట్టి కప్పు లేని కారు) మోడల్ కిట్ కొని, ఫెండర్లు (చక్రాల మీది రేకులు) తీసేసి, వెనక పెద్ద టైర్లు బిగిస్తే పాతకాలపు హాట్ రాడ్ తయారైపోయినట్టే అనుకుంటారు చాలామంది. నేను మాత్రం ముందు ఒక సంవత్సరం ఎంచుకుని కాగితం మీద రాసుకుంటాను. ఆ తర్వాత పుట్టిన భాగం ఒక్కటి ఉన్నా ఆ మోడల్ ఆ సంవత్సరానిది కాదు.

అపోహ: తుప్పు, మెరుపు లేని నల్లరంగు ఉంటేనే అసలైన హాట్ రాడ్.

తుప్పు రంగులతో చేసే రాట్ రాడ్ పద్ధతి చాలా తర్వాత వచ్చింది. 1948లో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాడి చేతిలో ఉన్న 1932 ఫోర్డ్ వయసు పదహారేళ్లు. అక్కడి పొడి వాతావరణంలో అది చిల్లులు పడేంతగా పాడవదు. డబ్బు సమకూరే దాకా ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత)తోనే తిరిగినవాళ్లు ఉన్నారు, కానీ వాళ్లు కోరుకున్నది నిగనిగలాడే రంగే. ఎంతో ఇష్టంగా కట్టుకున్న కార్లను చెత్తకుప్పలో దొరికినట్టు చూపిస్తే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) అయితే చాలు, ఏ ఇంజనైనా సరిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. షెవీ (షెవర్లే) స్మాల్ బ్లాక్ వి8 1955 మోడల్ కార్లతో వచ్చింది, అదీ 265 క్యూబిక్ అంగుళాలతో. అందరూ బిగించే 350 అయితే 1967 మోడల్‌ది. మీరు ఎంచుకున్నది 1951 అయితే ఈ రెండూ పనికిరావు. ఫోర్డ్ వాళ్ల పాత వి8 అయిన ఫ్లాట్‌హెడ్ పెట్టండి, లేదా 1949లో వచ్చిన కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ ఓవర్‌హెడ్ వాల్వ్ (వాల్వులు పైన హెడ్‌లో ఉండే) ఇంజన్లు చూడండి.

ఫ్లాట్‌హెడ్ 1932లో 221 క్యూబిక్ అంగుళాలు, 65 హార్స్‌పవర్‌తో మొదలై అమెరికాలో 1953 దాకా తయారైంది. దాని వాల్వులు బ్లాక్‌లోనే ఉంటాయి కాబట్టి పైన వాల్వ్ కవర్లు ఉండవు. స్పార్క్ ప్లగ్గులు హెడ్ మీదే కనిపిస్తాయి. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) ముందువైపు ఉంటుంది. స్మాల్ బ్లాక్‌లో అది వెనక, ఇంజన్‌కూ డ్రైవర్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్ దగ్గర. ఇక పొగ బయటికొచ్చే దారులు చూడండి: ఒక్కో వైపు నాలుగు సిలిండర్లున్నా రంధ్రాలు మూడే. మధ్య రెండు సిలిండర్లకూ కలిపి బ్లాక్ లోపల ఒకే దారి. అందుకే హెడర్‌కు (పొగ గొట్టాల గుత్తికి) మూడు పైపులు రావాలి. నాలుగు పైపులు అతికించిన ఫ్లాట్‌హెడ్ కనిపిస్తే, రంగు ఎంత బాగా వేసినా నా కళ్లు అక్కడే ఆగిపోతాయి. ఆ వేడి పొగ బ్లాక్‌లోంచే పోతుంది కాబట్టి ఈ ఇంజన్లు త్వరగా వేడెక్కేవి. కాబట్టి మోడల్‌లో రేడియేటర్‌ను నిర్లక్ష్యం చేయకండి.

అపోహ: 1/24, 1/25 స్కేళ్లు (అసలు కారులో ఎన్నో వంతు సైజు) రెండూ ఒకటే.

టైర్లు, చిన్న చిన్న సామాన్లు అటూ ఇటూ మార్చుకోవచ్చు. ఛాసిస్‌లు మాత్రం కలవవు. 1932 ఫోర్డ్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 106 అంగుళాలు. అది 1/25లో 107.7 మి.మీ., 1/24లో 112.2 మి.మీ. ఆ నాలుగున్నర మిల్లీమీటర్ల తేడా చక్రం ఫెండర్ మధ్యలో కూర్చోకపోవడంతో బయటపడుతుంది.

అపోహ: చక్రాలు ఎవరూ పట్టించుకోరు.

అందరూ ముందు చూసేవి అవే. అమెరికాలో రేడియల్ టైర్లు విరివిగా వాడింది 1970లలో. ఐదు కమ్మీల టార్క్ థ్రస్ట్ చక్రాలు 1960లవి. 1951 కారుకు స్టీల్ చక్రాలు, సన్నటి బయాస్ ప్లై (రేడియల్‌కు ముందు పద్ధతి) టైర్లు, 1940 ఫోర్డ్ హబ్‌క్యాపులు చక్కగా నప్పుతాయి.

అపోహ: ఇగ్నిషన్ వైర్లు ఎంత లావుగా ఉంటే అంత బాగా కనిపిస్తాయి.

అసలు వైరు మందం సుమారు 7 మి.మీ. 1/25లో 0.28 మి.మీ. పాత కరెంటు వైరులోంచి లాగిన సన్నటి రాగి పోగుకు నల్లరంగు వేస్తే చాలు.

అపోహ: కప్పు ఎంత కోసి దించితే అంత అందం.

కిట్ మీద 3 మి.మీ. కోస్తే అసలు కారులో 3 అంగుళాలు తగ్గినట్టు. 6 మి.మీ. కోస్తే దాదాపు 6 అంగుళాలు. ఎల్ మిరాజ్ లాంటి ఎండిన సరస్సుల మీద వేగం కోసం బాగా కోసిన కూపేలు (కప్పున్న రెండు తలుపుల కార్లు) ఉన్నాయి, కానీ వీధిలో తిరిగే కారుకు 3 మి.మీ. సరిపోతుంది. రంపం పెట్టే ముందు అదే స్కేలు మనిషి బొమ్మను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, కళ్లు అద్దానికి ఎదురుగా వస్తున్నాయో లేదో చూసుకోండి.