మచ్చ కనిపించగానే టీవీ అమ్మేయకండి: ప్లాస్మా మీద గేమ్‌లు - అపోహలు, వాస్తవాలు

పోయిన దసరా సెలవుల్లో నల్లకుంట నుంచి ఒకాయన ఫోన్ చేశారు. "అన్నా, మావాడు ఫుట్‌బాల్ గేమ్ ఆడి ఆడి ప్లాస్మా స్క్రీన్ కాల్చేశాడు. మన గల్లీ మెకానిక్ చూసి ప్యానెల్ పోయిందన్నాడు. ఎంతకు తీసుకుంటావో చెప్పు, ఇచ్చేస్తా" అన్నారు. వెనక నుంచి వాళ్లావిడ గొంతు వినిపిస్తోంది, పిల్లాడు పొద్దున్నుంచి అన్నం ముట్టలేదని. భయంతో టీవీ కట్టేసి, ప్లగ్ కూడా పీకేశారట.

"సార్, ముందు టీవీ ఆన్ చేయండి. స్క్రీన్ నిండా వచ్చే సినిమా ఏదైనా పెట్టండి. పక్కన నల్ల పట్టీలు రాకూడదు, మూలన ఛానల్ లోగో ఉండకూడదు. నేను సాయంత్రం వస్తాను, అప్పటిదాకా నడవనివ్వండి" అన్నాను. ఏడింటికి వెళ్లేసరికి పై ఎడమ మూలలో స్కోరు డబ్బా నీడ వెతికితే గానీ కనిపించలేదు. మర్నాటికి అదీ లేదు.

ప్లాస్మా టీవీల తయారీ ఆగిపోయి పదేళ్లు దాటింది. పానాసోనిక్ 2013 చివర్లో ఆపింది, శాంసంగ్, ఎల్‌జీ 2014లో ఆపాయి. అయినా ఈ ఫోన్లు ఆగలేదు. కొన్ని ఇళ్లలో పాత సెట్లు ఇంకా శుభ్రంగా నడుస్తున్నాయి. పాత కన్సోళ్ల మీద మోజున్న కుర్రాళ్లు సెకండ్ హ్యాండ్‌లో వెతికి మరీ కొంటున్నారు. కదిలే బొమ్మ చెదరకుండా చూపించడంలో ప్లాస్మా దిట్ట అని వాళ్లకు తెలుసు. తెలియనిదల్లా మచ్చ సంగతి. దాని మీద తిరిగే పుకార్ల వల్ల మంచి సెట్లు తుక్కు కింద పోతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గేమ్ ఆపినా మచ్చ పోలేదంటే అది బర్న్-ఇన్, అంటే ఎప్పటికీ పోని మచ్చ. ప్యానెల్ పోయినట్టే.

జనానికి డబ్బు నష్టం తెచ్చేది ప్రధానంగా ఈ ఒక్క అపోహే. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

గేమ్ ఆపాక కనిపించే మచ్చలు రెండు రకాలు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా లోపల ఉంది. ఒకటి ఇమేజ్ రిటెన్షన్. ఒకే బొమ్మ చాలాసేపు నిలబడితే ఆ చోట పిక్సెల్ గదుల్లో (బొమ్మలోని చుక్కలు వెలిగే, గ్యాస్ నింపిన చిన్న చిన్న గదులు) విద్యుత్ ఆవేశం కొంత మిగిలిపోతుంది. బొమ్మ మారాక కూడా ఆ గదులు పక్కవాటికంటే కొంచెం తేడాగా వెలుగుతాయి. స్క్రీన్ మీద మామూలు బొమ్మలు కదులుతుంటే ఆ తేడా సర్దుకుంటుంది. ఒక్కోసారి పది నిమిషాలు చాలు, ఒక్కోసారి కొన్ని గంటలు పడుతుంది. సెలవులంతా ఒకే గేమ్ ఆడితే ఒకట్రెండు రోజులు కూడా పట్టొచ్చు. దీనివల్ల ప్యానెల్‌కు ఏ నష్టమూ లేదు.

రెండోది అసలైన బర్న్-ఇన్. ఆ పిక్సెల్ గదుల గోడలకు పూసిన ఫాస్ఫర్, అంటే రంగు వెలుగునిచ్చే పూత, వెలిగే కొద్దీ అరుగుతుంది. స్క్రీన్ అంతా సమానంగా అరిగితే మన కంటికి తెలియదు. ఒకచోట మాత్రం వందల గంటలు ఎక్కువ వెలిగితే అక్కడ అరుగుదల ఎక్కువై నీడలా కనిపిస్తుంది. మూడు రంగుల్లో నీలం ముందు అరుగుతుంది. అందుకే తెల్ల బొమ్మ పెడితే ఆ చోటు కాస్త పసుపుగా, మసకగా ఉంటుంది. ఇది తిరిగి రాదు.

ఏది ఏదో తేల్చాలంటే మచ్చ ఉందా లేదా అని చూస్తే సరిపోదు, తగ్గుతోందా లేదా అని చూడాలి. పెన్ డ్రైవ్‌లో ఒక బూడిద రంగు ఫోటో వేసుకోండి. గది చీకటి చేసి దాన్ని స్క్రీన్ నిండా పెట్టి, మొబైల్‌తో ఫోటో తీయండి. ఆ తర్వాత నాలుగైదు గంటలు ఫుల్ స్క్రీన్‌లో సినిమాలు నడపండి. మళ్లీ అదే బూడిద రంగు, అదే చీకటి, అదే దూరం నుంచి ఇంకో ఫోటో. ఇలా మూడు రోజులు. నీడ పలచబడుతుంటే ఊపిరి పీల్చుకోండి, అది రిటెన్షన్. వారం తిరిగినా రవ్వంత మార్పు లేకపోతే అప్పుడు బర్న్-ఇన్ గురించి మాట్లాడుకుందాం. ఆ వారం దాకా టీవీ అమ్మొద్దు, విప్పించొద్దు, పిల్లల్ని తిట్టొద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2011లో విద్యానగర్‌లో ఒక రిటైర్డ్ టీచర్ ఇంటికి వెళ్లాను. వాళ్ల మనవడు కారు రేసు గేమ్ ఆడితే కింద కుడి మూలలో స్పీడోమీటర్ గుండ్రంగా నిలిచిపోయింది. నేను పావుగంట చూసి, పోవట్లేదు కాబట్టి బర్న్-ఇన్ అని తేల్చేశాను. ఆయన నా మాట నమ్మి సెట్‌ను పాత సామాను వ్యాపారికి కారుచౌకగా ఇచ్చేశారు. పది రోజుల తర్వాత బోర్డు కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే, ఒక షాపులో అదే టీవీ పొద్దంతా సినిమా పాటలతో నడుస్తోంది. వెనక నేనే అంటించిన టేపు ముక్క కూడా అలాగే ఉంది. దగ్గరికి వెళ్లి తెల్ల బొమ్మ పెట్టించి చూశాను. స్పీడోమీటర్ జాడ లేదు. ఆ సాయంత్రం విద్యానగర్ వెళ్లి మాస్టారికి జరిగింది చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, టీ ఇచ్చి పంపారు. ఆ తర్వాత మచ్చ చూసిన రోజే తీర్పు చెప్పడం మానేశాను.

అపోహ: గేమ్ ఆడితే చాలు, ప్లాస్మా కాలిపోతుంది.

గేమ్‌కూ సినిమాకూ ప్యానెల్‌కు తేడా తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: ఏ చోటు ఎంత వెలుగుతో ఎంతసేపు వెలిగింది అన్నది. హెల్త్ బార్ (ఆటలో ప్రాణం ఎంత మిగిలిందో చూపే పట్టీ), మినీ మ్యాప్, స్కోరు డబ్బా అనుమానితులు కావడానికి కారణం అవి కదలకపోవడమే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. ప్లాస్మా ఒక చోటును ఎంత వెలిగించాలంటే అక్కడ అన్నిసార్లు పల్సు, అంటే క్షణంలో వచ్చిపోయే కరెంటు, కొడుతుంది. స్క్రీన్ అంతా తెల్లగా ఉంటే, లాగే కరెంటు హద్దు దాటకుండా పల్సులు తగ్గించుకుంటుంది. స్క్రీన్ అంతా చీకటిగా ఉండి ఒక చిన్న తెల్ల డబ్బా మాత్రమే వెలుగుతుంటే, ఆ డబ్బాకు పల్సులు పూర్తిగా అందుతాయి. అంటే పచ్చటి మైదానంలో స్కోరు డబ్బా కంటే, చీకటి గుహలో నడిచే గేమ్‌లో మూలనున్న తెల్లటి హెల్త్ బార్ ఎక్కువ దెబ్బ కొడుతుంది. ఆ గేమ్‌ల సెట్టింగ్స్‌లో అలాంటి గుర్తులను సన్నం చేసేదో, దాచేదో ఆప్షన్ ఉంటే వాడుకోండి.

దానికి తోడు వివిడ్ మోడ్. షోరూంలో ట్యూబ్‌లైట్ల కింద మెరవడానికి పెట్టిన మోడ్‌ను ఇంట్లో ఏళ్ల తరబడి అలాగే ఉంచేస్తారు. నల్లకుంట సెట్‌లోనూ కాంట్రాస్ట్ 100 మీదే ఉంది. స్టాండర్డ్ లేదా సినిమా మోడ్‌కు మార్చి, కాంట్రాస్ట్ అరవై చుట్టుపక్కలకు దించాను. "అంకుల్, డల్‌గా ఉంది" అన్నాడు ఆ అబ్బాయి. రెండు రోజుల్లో కళ్లు అలవాటు పడతాయి. ప్యానెల్ కోసం మీరు చేయగల పనుల్లో దీనికి మించింది లేదు, దీనికి పైసా ఖర్చు లేదు.

ఇంకో మాట. ఫాస్ఫర్ అరుగుదల కొత్తలో వేగంగా ఉండి తర్వాత నెమ్మదిస్తుంది. మొదటి 100, 200 గంటలు జాగ్రత్త అని అప్పట్లో చెప్పేవాళ్లం. ఈ రోజు మీ చేతిలో ఉన్న ప్లాస్మా ఆ దశ ఎప్పుడో దాటేసింది. పానాసోనిక్ తన చివరి ఏళ్ల ప్యానెళ్లకు వెలుగు సగానికి పడటానికి లక్ష గంటలు పడుతుందని చెప్పింది. రోజుకు 8 గంటల లెక్కన అది 34 ఏళ్లు. కంపెనీ లెక్క కాబట్టి కొంత తగ్గించుకున్నా, రోజుకు రెండు గంటల గేమ్‌కు వణికిపోవాల్సిన పని లేదు.

నా చేతికి వచ్చిన నిజమైన బర్న్-ఇన్ సెట్లలో ఎక్కువ వాటి మీద ఉన్నది గేమ్ కాదు, న్యూస్ ఛానల్. కింద ఎర్ర పట్టీ, మూలన లోగో, పక్కన టైము. పెద్దవాళ్లు పొద్దున కాఫీతో మొదలుపెట్టి రాత్రి పడుకునేదాకా అదే ఛానల్ ఉంచుతారు. క్లినిక్‌లు, టిఫిన్ సెంటర్లలోనూ ఇంతే. ఒకసారి మలక్‌పేటలో ఒక ఇంట్లో "మనవడి గేమ్ వల్లే" అని నన్ను పిలిపించారు. బూడిద రంగు ఫోటో పెట్టి చూస్తే మచ్చలో అక్షరాలు కనిపించాయి: బ్రేకింగ్ న్యూస్. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మనవణ్ని దగ్గరికి తీసుకున్నారు.

అపోహ: లోపల గ్యాస్ అయిపోయింది, నింపిస్తే మచ్చ పోతుంది.

దీని పేరుతో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు, అందుకే కోపం వస్తుంది. ప్లాస్మా ప్యానెల్ అంటే రెండు గాజు పలకలను అతికించి, మధ్యలో నియాన్, జెనాన్ కలిపిన గ్యాస్ పెట్టి ఫ్యాక్టరీలో సీల్ చేసినది. అది ఫ్రిజ్ కాదు, ఏసీ కాదు. హైదరాబాద్‌లో కాదు కదా, ఎక్కడా ఏ షాపులోనూ దాన్ని తెరిచి గ్యాస్ నింపి మూయలేరు. సీల్ పోతే ప్యానెల్ పోయినట్టే, అప్పుడు మచ్చ కాదు, బొమ్మే రాదు. గ్యాస్ నింపుతానని ఎవరైనా అడ్వాన్స్ అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

అపోహ: రాత్రంతా తెల్ల స్క్రీన్ పెడితే బర్న్-ఇన్ నయమవుతుంది.

అరిగిన ఫాస్ఫర్ తిరిగి మొలవదు. రిటెన్షన్ అయితే సెట్‌లో ఉండే స్క్రోలింగ్ బార్‌నో (తెల్ల పట్టీ స్క్రీన్ మీద జరుగుతూ పోయేది), వైట్ వాష్‌నో (స్క్రీన్ అంతా తెల్లగా చేసేది) కాసేపు నడిపితే త్వరగా సర్దుకుంటుంది. బర్న్-ఇన్ అయితే రాత్రంతా తెల్ల స్క్రీన్ చేసేది మిగతా ప్యానెల్‌ను కూడా అరగదీయడమే. కరెంటు బిల్లు అదనం. మామూలు సినిమాలు, క్రికెట్ చూస్తూ పోతే ఆ తేడా నిదానంగా కొంత తగ్గుతుంది, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

పిక్సెల్ ఆర్బిటర్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే బొమ్మ పాడవుతుందంటారు. పాడవదు. బొమ్మ కొన్ని పిక్సెళ్లు అటూ ఇటూ జరుగుతుంది, మీ కంటికి తెలియదు. ఉంచండి. అయితే అది మచ్చ అంచును మెత్తబరుస్తుందే గానీ పెద్ద స్కోరు డబ్బాను కాపాడలేదు.

పాత కన్సోల్ బొమ్మకు రెండు పక్కలా బూడిద రంగు పట్టీలు వస్తే అది లోపం కాదు. మధ్య భాగంతోపాటు పక్కలు కూడా అరగడానికి కంపెనీ పెట్టిన ఏర్పాటది. నలుపు బాగుంటుందని మారిస్తే, మధ్య భాగమే అరిగి, కొన్నాళ్లకు పక్కలు ఎక్కువ వెలుగుతూ కనిపిస్తాయి.

నిలువు గీతలు, స్క్రీన్‌లో సగం చీకటి, ఎర్రగా మిణుకుమనే చుక్కలు బర్న్-ఇన్ కావు. చుక్కలు, అడ్డంగా వచ్చే నల్ల పట్టీలు ప్యానెల్‌కు పల్సులు పంపే వై-సస్ బోర్డుతోనో, బఫర్ బోర్డుతోనో, వోల్టేజీ తప్పడంతోనో వస్తాయి. ఏ వోల్టేజీ ఎంత ఉండాలో ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, చూసి సరిచేస్తే చాలా సెట్లు బాగవుతాయి. మీరు మాత్రం విప్పకండి. ప్లగ్ తీశాక కూడా లోపల కరెంటు నిల్వ ఉండే కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉండొచ్చు.

ఓఎల్ఈడీ (ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే కొత్త రకం స్క్రీన్) కొన్నవాళ్లు కూడా ఇప్పుడు ఇదే టెన్షన్‌తో అడుగుతున్నారు. అరుగుదల సూత్రం ఒకటే, జాగ్రత్తలూ ఇవే. అదనంగా ఒకటి: ఎల్‌జీ ఓఎల్ఈడీ సెట్లు మొత్తం 4 గంటలు నడిచాక, రిమోట్‌తో ఆపినప్పుడు స్టాండ్‌బైలో తమంతట తామే పిక్సెళ్లను సరిచూసుకుంటాయి. మన ఇళ్లలో రిమోట్ నొక్కగానే గోడ స్విచ్ కూడా కట్టేస్తాం. అలా చేస్తే ఆ పని ఎప్పటికీ జరగదు. రిమోట్‌తో ఆపాక కనీసం పదిహేను నిమిషాలు గోడ స్విచ్ జోలికి వెళ్లకండి, రాత్రంతా అలాగే వదిలేస్తే ఇంకా మంచిది.