కలంకారీ శిబిరాలు, మనసుకు ఊరట: అపోహలు - వాస్తవాలు

మానసిక పునరావాస విభాగంలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా, అంటే రోజువారీ పనుల ద్వారా రోగులు కోలుకునేలా తోడ్పడే వృత్తిలో, పనిచేస్తూ, శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుల సాయంతో చికిత్సలో ఉన్నవారికి శిబిరాలు నడుపుతున్నాను. చేతిపని మనసును కుదుటపరుస్తుందని గట్టిగా నమ్ముతాను. అందుకే దాని చుట్టూ అల్లుకుంటున్న లేనిపోని మాటలు నన్ను బాధిస్తాయి.

అపోహ: చేతిపని మొదలుపెడితే మందులు మానేయవచ్చు.

వాస్తవం: మానకూడదు. తీవ్రమైన కుంగుబాటు, స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి రుగ్మతలకు చేతిపని వైద్యానికి తోడు మాత్రమే. 2016లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో 45 నిమిషాల పాటు కళాపనిలో గడిపిన 39 మందిలో సుమారు 75 శాతం మందికి ఒత్తిడి హార్మోనైన కార్టిసాల్ తగ్గిందన్న మాట వాట్సాప్‌లో తరచూ తిరుగుతుంది. ఆ మాట నిజమే, కానీ పోల్చి చూసేందుకు అందులో మరో బృందం లేదు, పైగా అది జబ్బు నయమైందని చెప్పే అధ్యయనం కాదు. కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధంపై వచ్చిన పరిశోధనలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విస్తృతంగా సమీక్షించి, ఆశాజనకమైన ఆధారాలు ఉన్నాయని చెప్పింది. నేను కూడా అంతవరకే చెబుతాను.

అపోహ: ఇదంతా పొద్దుపోక చేసే పని.

వాస్తవం: మా వృత్తి పుట్టిందే చేతిపనుల్లోంచి. అమెరికాలో 1917లో ఈ వృత్తికి సంఘం ఏర్పడేనాటికే నేత, బుట్టల అల్లకం మానసిక వైద్యశాలల్లో చికిత్సలో భాగంగా ఉండేవి. మన దేశంలో 1950లో కమలా నింబ్కర్ ముంబైలో తొలి ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాలను ప్రారంభించారు.

అయితే ఏ పని ఎందుకు పనికొస్తుందో తెలియాలంటే ఆ పనిని దగ్గరగా చూడాలి. శ్రీకాళహస్తి పద్ధతిలో ముందు గుడ్డలోని గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. కాల్చిన చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీసుకుని, వెదురు పుల్లకు ఉన్ని చుట్టి దారంతో బిగించిన కలాన్ని కసిమిలో ముంచి గీతలు దిద్దుతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెడితే వచ్చేదే కసిమి. ఉన్నిని వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది, గుడ్డలోని కరక్కాయ వగరు తగలగానే అది నల్లగా మారిపోతుంది. కుంగుబాటులో ఉన్నవారికి రోజు ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. ఈ పనిలో మాత్రం తర్వాతి మెట్టు ఎప్పుడూ కళ్లముందే ఉంటుంది, ఒక్కో మెట్టు చిన్నది, గుడ్డ ఆరేదాకా ఆగడం కూడా పనిలో భాగమే. ఆందోళనతో సతమతమయ్యేవారికి కష్టమైన ఘట్టం కసిమి గీతే, ఎందుకంటే బొగ్గు గీత దులిపితే పోతుంది, ఇది పోదు. చదువు ఒత్తిడితో నిద్ర కరువైన ఒక అమ్మాయి అంచులో రంగు బొట్టు పడిందని గుడ్డ మడిచేయబోతే, నేర్పుతున్న పెద్దాయన "ఉండు తల్లీ, దాని పక్కన ఇంకో చుక్క పెట్టు, ముత్యాల వరుస అవుతుంది" అన్నారు. ఆ అమ్మాయి ఆ అంచంతా చుక్కలు పెట్టే లేచింది. అదే మాట నేను నా గదిలో కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆ ఫలితం వచ్చేది కాదు.

అపోహ: అమ్ముడయ్యేంత బాగా చేస్తేనే మేలు.

వాస్తవం: సంపాదన ఆత్మగౌరవాన్ని ఇస్తుంది, కాదనను. కానీ కోలుకుంటున్న మనిషి వేగం వేరు, గిరాకీ వేగం వేరు. అమెరికాలోని మార్బుల్‌హెడ్‌లో డాక్టర్ హెర్బర్ట్ హాల్ 1904లో రోగుల కోసం మొదలుపెట్టిన కుండల పని కొన్నేళ్లకే చికిత్సాలయం నుంచి విడివడి వ్యాపారంగా సాగింది. ఈ రెంటినీ ఒకే గదిలో నడపడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి ఆ పరిణామం నాకు సహజంగానే తోస్తుంది.

అపోహ: చేతిపని వల్ల ఎవరికీ హాని ఉండదు.

వాస్తవం: వాడుతున్న మందులు తెలుసుకోకుండా ఎవరినీ శిబిరంలో చేర్చుకోకూడదు. బైపోలార్ రుగ్మతకు ఇచ్చే లిథియం వాడేవారిలో కొందరికి చేతులు వణుకుతాయి, వారికి సన్నగీత ఇవ్వడం అవమానించినట్లే అవుతుంది కాబట్టి వెడల్పుగా రంగు నింపే పని ఇవ్వాలి. పైగా ఎండలో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం మోతాదు ప్రమాదకరంగా పెరగవచ్చు. స్కిజోఫ్రీనియా వంటి వాటికి ఇచ్చే క్లోర్‌ప్రోమజిన్ వాడేవారి చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది, గుడ్డలు ఆరవేసే పని వారికి అప్పగించకూడదు.

అపోహ: కళనే నమ్ముకుని బతికేవారికి మానసిక బాధలు ఉండవు.

వాస్తవం: సిరిసిల్ల, ధర్మవరం వంటి ఊళ్లలో అప్పుల భారంతో నేతన్నలు ప్రాణాలు తీసుకున్న వార్తలు చదివిన మనం ఈ మాట అనలేము. వారంలో రెండు గంటలు ఇష్టంతో చేసే పని ఊరటనిస్తుంది; అదే పనిని ధర గిట్టుబాటు కాకుండా, నడుము నొప్పితో, వడ్డీ లెక్కల మధ్య పన్నెండు గంటలు చేస్తే మనిషి నలిగిపోతాడు. అందుచేత శిబిరాలు ఏర్పాటు చేసే సంస్థలు వచ్చే కళాకారునికి దినకూలీ లెక్కన కాక, బోధకునికి ఇచ్చే పారితోషికాన్ని, అది కూడా ఆ రోజే చెల్లించాలి. పాల్గొనేవారికి ఇచ్చే కాగితంపై ముద్రించే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ ఉచిత నంబరు 14416ను ఆ కళాకారుని చేతిలోనూ పెట్టి, తెలుగులోనే మాట్లాడవచ్చని చెప్పాలి.