గడ్డ కరిగాక లోపల ఏం మిగులుతుంది?

పురీషనాళపు (పెద్దపేగు చివరి భాగం, రెక్టమ్) క్యాన్సర్ పేగు గోడ దాటి ముదిరితే, ఆపరేషన్‌కు ముందే కీమో, రేడియేషన్ ఇవ్వడం ఇప్పుడు మామూలే. దీర్ఘకాలిక పద్ధతిలో మొత్తం 45 నుంచి 50.4 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్‌ను వారానికి ఐదు రోజుల చొప్పున 25 నుంచి 28 విడతల్లో ఇస్తారు. దాంతోపాటు క్యాపెసిటబిన్ అనే కీమో మాత్రలు వేసుకోవాలి. ఆఖరి విడత అయిపోయినా దాని ప్రభావం ఆగదు. డీఎన్‌ఏ తెగిన కణం చాలావరకు అప్పటికప్పుడు చావదు, విభజనకు దిగినప్పుడు చస్తుంది. అందుకే గడ్డ వారాల తరబడి తగ్గుతూ ఉంటుంది. ఆపరేషన్‌ను 6 నుంచి 12 వారాలు ఆపడానికి ఇదో ముఖ్య కారణం.

కణాలు చచ్చిన చోట పీచు కణజాలం అల్లుకుంటుంది. కొన్ని గడ్డల్లో జిగురు మడుగులు మిగులుతాయి. ఆ జిగురులో కణాలు లేకపోతే, అది ఎంత లోతున ఉన్నా క్యాన్సర్‌గా లెక్కించరు.

చిక్కంతా గడ్డ తగ్గే తీరులో ఉంది. కొన్ని గడ్డలు చుట్టూ సమానంగా కుంచించుకుపోతాయి. చాలా గడ్డలు మాత్రం ముక్కలవుతాయి: మధ్యమధ్య పీచు, అక్కడక్కడ బతికిపోయిన కణాల గుంపులు. పైపొర మానిపోయి తెల్లటి మచ్చే కనిపిస్తున్నా, అడుగున కండర పొరలో ఆ గుంపులు ఉండొచ్చు. బయాప్సీ పటకారు పైపైనే తుంచుతుంది కాబట్టి, చికిత్స తర్వాత వచ్చిన ‘క్యాన్సర్ లేదు’ అన్న బయాప్సీ రిపోర్టును ఒక్కదాన్నే నమ్మకూడదు. అలాగని పుండు మిగిలితే క్యాన్సర్ ఉన్నట్టేనని కూడా కాదు.

ఎంఆర్ఐలో టీ2 అనే రకం చిత్రాల్లో గడ్డ బూడిద రంగులో, పీచు నల్లగా, జిగురు తెల్లగా కనిపిస్తాయి. నల్లటి పీచులో ఇరుక్కున్న చిన్న గుంపును పట్టడం కష్టం. కణజాలంలో నీటి కదలికను చూపే డిఫ్యూజన్ ఎంఆర్ఐ చిత్రాలు కొంత సాయపడతాయి, అంతే.

అసలు తీర్పు కణజాలాన్ని మైక్రోస్కోపు కింద చూసే పాథాలజిస్టుదే. కోసి తీసిన పేగులో గడ్డ కనిపించకపోతే మచ్చ ప్రాంతం మొత్తాన్నీ పలుచగా కోసి చూడాలి; రెండు మూడు ముక్కలు చూసి ‘వైపీటీ0’ (చికిత్స తర్వాత గడ్డ మిగల్లేదు) అని రాసేస్తే ఆ రిపోర్టు అక్కరకు రాదు. లింఫ్ గ్రంథులు కూడా ముడుచుకుపోతాయి కాబట్టి, సాధారణంగా ఆశించే 12 దొరక్కపోయినా సర్జన్‌ను తప్పుపట్టలేం.

ఆపరేషన్‌కు ముందు ఇచ్చే ఈ కీమో, రేడియేషన్‌తో గడ్డ పూర్తిగా మాయమయ్యేది సుమారు 15 నుంచి 20 శాతం మందిలో. పరీక్షలన్నిటిలో మాయమైనట్టు తేలినవారిలో కొందరికి ఆపరేషన్ చేయకుండా కనిపెట్టి ఉంటారు. వారిలో దాదాపు నలుగురిలో ఒకరికి గడ్డ మళ్లీ మొలుస్తుంది. ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే, అదీ పేగు గోడలోనే. ఆ రెండేళ్లూ కొన్ని నెలలకోసారి వేలితో పరీక్ష, ఎండోస్కోపీ, ఎంఆర్ఐ మానకూడదు.