సెల్ఫ్ అటెస్టెడ్ అంటే పచ్చ ఇంకు సంతకం కాదు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు వీఆర్సీ సెంటర్ దగ్గర జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే రోజూ ఇదే ప్రశ్న: "అన్నా, సెల్ఫ్ అటెస్టెడ్ కాపీలు కావాలంట. గెజిటెడ్ ఆఫీసరు యాడ దొరుకుతాడు?"

అపోహ: సెల్ఫ్ అటెస్టెడ్ అన్నా గెజిటెడ్ ఆఫీసరు పచ్చ ఇంకు సంతకం ఉండాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. జిరాక్స్ మీద మీరే సంతకం పెట్టాలి. ఇది ఒరిజినల్‌కు సరైన నకలు, తేడా వస్తే బాధ్యత నాదే అని ఒప్పుకోవడం అది. పేరు, తేదీ కూడా రాస్తే మంచిది. ఒరిజినల్స్ ఎలాగూ వెరిఫికేషన్ నాడు చూస్తారు. సంతకాల కోసం జనాన్ని తిప్పొద్దు, సెల్ఫ్ అటెస్టేషన్ తీసుకోండి అని కేంద్రం 2014లోనే తన శాఖలకూ రాష్ట్రాలకూ చెప్పింది. పుకారు మాత్రం ఇంకా చావలేదు.

మొన్న ఉదయగిరి వైపు నుంచి ఒకామె కూతుర్ని తీసుకుని వచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఎవడో బ్రోకరుకు డబ్బులిచ్చి అన్ని కాపీల మీదా పచ్చ ఇంకు సంతకం, రబ్బరు స్టాంపు వేయించుకుంది. ఆ స్టాంపులో ఉన్న ఆఫీసరు ఎవరో ఆమెకు తెలీదు. అది దొంగ స్టాంపయితే కేసు ఎవరి మెడకు చుట్టుకుంటుంది? ఇంత చేసినా, అసలు కావాల్సిన పిల్ల సంతకం ఒక్క కాగితం మీదా లేదు! మళ్లీ జిరాక్సులు తీసి పెన్ను ఇస్తే ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. "ఇంతేనా అన్నా?" అంది ఆ తల్లి. ఆమెను ఏమంటాం? భయపడేవాళ్లను చూసే కదా ఆ బ్రోకర్లు బతికేది.

అయితే నోటిఫికేషన్‌లో 'అటెస్టెడ్ బై గెజిటెడ్ ఆఫీసర్' అని స్పష్టంగా రాసి ఉంటే మాత్రం ఆఫీసరు దగ్గరికి వెళ్లక తప్పదు. 'సెల్ఫ్' అనే ముక్క ఉందో లేదో ముందు చూసుకోండి. నోటరీ సంగతి వేరు, అది ఎక్కువగా అఫిడవిట్లకు.

ఇక మిగతావి. ఒరిజినల్ మీద సంతకం పెట్టొద్దు, పెట్టినవాళ్లను చూశాను. పిల్లలు మైనర్లయితే తల్లో తండ్రో పెట్టొచ్చు. నీలం, నలుపు ఏ ఇంకయినా సరే, ఫొటో మీదా నంబరు మీదా పడకపోతే చాలు. ఆన్‌లైన్‌లో పెట్టేదయితే సంతకం చేశాకే స్కాన్ చేయించండి. ఆధార్ కాపీ మీద 'ఫలానా అడ్మిషన్ కోసం మాత్రమే' అని రాయండి. చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలంటే అదే ఇవ్వండి.