చీలమండ విరిగినప్పుడు: ఓపీలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: "నడుచుకుంటూ వచ్చాను కదా డాక్టర్ గారూ, విరిగితే నడవగలనా?"

నడవగలరు. ఒంటి బరువులో ఎక్కువ భాగం మోసేది టిబియా అనే పెద్ద ఎముక. దాని పక్కనున్న సన్న ఎముక ఫిబులా ఒక్కటే విరిగితే కుంటుకుంటూ ఇంటిపని కూడా చేసుకునేవాళ్ళు ఉన్నారు. వేళ్ళు ఆడుతున్నాయి కాబట్టి విరగలేదనుకోవడమూ తప్పే. వేళ్ళను కదిపే కండరాలు పిక్కలో, పాదంలో ఉంటాయి. చీలమండ విరిగినా వేళ్ళు కదులుతాయి.

ఎక్స్‌రే ఎవరికి తీయాలో తేల్చడానికి 1992లో కెనడాలోని ఒట్టావా డాక్టర్లు కొన్ని నియమాలు ప్రకటించారు. మేమూ అవే వాడతాం. చీలమండకు రెండు పక్కలా ఉండే బొడిపెల కొనమీద గానీ, అక్కణ్ణుంచి 6 సెంటీమీటర్ల పై వరకు వెనక అంచున గానీ నొక్కితే ఎముక నొప్పి పెట్టినా, దెబ్బ తగిలినప్పుడూ ఆస్పత్రికొచ్చాకా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయాల్సిందే. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళ విషయంలో మాత్రం ఈ లెక్క నమ్మను. వాళ్ళకు నొప్పి తెలియదు, విరిగిన కాలితోనే రోజుల తరబడి తిరిగేస్తారు. వాపు కనిపిస్తే చాలు, ఎక్స్‌రేకి పంపిస్తాను.

అపోహ: "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. అంటే బెణికిందంతే."

ఏ ఎక్స్‌రే తీశారన్నది ముందు చూడాలి. పాదానికి తీసిన ఫిల్మ్ పట్టుకుని చీలమండ నొప్పికి వచ్చేవాళ్ళు తక్కువేం కాదు. చీలమండకు మూడు కోణాలు కావాలి. ఒకటి ఎదురుగా, ఒకటి పక్కనుంచి, మూడోది కాలిని 15 నుంచి 20 డిగ్రీలు లోపలికి తిప్పి తీసే మోర్టిస్ వ్యూ. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఆ మూడోదే. టాలస్ అనే పాదం ఎముక, పైన టిబియాకూ, రెండు పక్కల బొడిపెలకూ మధ్య, చెక్కలో తొలిచిన గాడిలో మరో చెక్క బిగిసినట్టు కూర్చుంటుంది. మోర్టిస్ వ్యూలో దాని చుట్టూ కనిపించే సందు అంతటా ఒకే వెడల్పులో ఉండాలి. లోపలి వైపు సందు 4 మిల్లీమీటర్లు దాటి, పై సందుకన్నా ఎక్కువైతే, లోపలి లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) తెగిందేమోనని అనుమానించాలి.

ఒక్కోసారి ఆ సందు పెరిగి ఉంటుంది, చీలమండ దగ్గర మాత్రం ఎముకలన్నీ బాగానే ఉంటాయి. అప్పుడు మోకాలి కింద, బయటి వైపు ఫిబులా పైభాగాన్ని వేళ్ళతో నొక్కి చూస్తాను. పేషెంటు అక్కడ "అబ్బా" అన్నారంటే కాలు మొత్తానికీ ఎక్స్‌రే తీయించాల్సిందే. మడత పడింది చీలమండ, ఎముక విరిగింది మోకాలి దగ్గర! మధ్యలో రెండు ఎముకలనూ కలిపి పట్టి ఉంచే సిండెస్మోసిస్ చిరిగిపోయి ఉంటుంది. దీన్నే మైసొన్యూవ్ ఫ్రాక్చర్ అంటారు. దీన్ని బెణుకే అనుకుని వదిలేస్తే కీలు కొన్నేళ్ళలో అరిగిపోతుంది.

ఎంఆర్ఐ తీయమని అడిగేవాళ్ళకు నా మాట ఒకటే: విరుపు చూడటానికి ముందు మంచి ఎక్స్‌రే కావాలి. టిబియా వెనక అంచు విరిగిందనిపిస్తే సీటీ తీయిస్తాం. ఎక్స్‌రేలో చిన్న పెచ్చులా కనిపించిన ముక్క సీటీలో కీలు పైకప్పులో పెద్ద భాగమని తేలడం మాకు కొత్త కాదు. కోత ఎటు వైపు పెట్టాలన్నది కూడా దాంతో మారిపోతుంది.

అపోహ: "క్రాక్ అయితే కట్టు, విరిగితే ఆపరేషన్."

క్రాక్ అన్నా విరగడమన్నా ఒకటే. ఆపరేషన్ కావాలా వద్దా అని తేల్చేది కీలు నిలకడ. బయటి బొడిపె విరిగినా లోపలి వైపు గట్టిగా ఉంటే, ఆ కాలిమీద బరువు మోపి నిలబడి తీసిన ఎక్స్‌రేలో టాలస్ జరగకపోతే, కత్తి పెట్టాల్సిన పనే లేదు. ఇలాంటి నిలకడైన విరుపులకు ఆరు వారాల సిమెంటు కట్టు ఎంత పనిచేసిందో, మూడు వారాలదీ అంతే పనిచేసిందని 2019లో ఫిన్లాండ్ అధ్యయనం చూపింది. రెండు వైపులా విరిగినా, లిగమెంట్ తెగి టాలస్ పక్కకు జరిగినా మాత్రం మామూలుగా ప్లేటు, స్క్రూలు వేయాల్సి వస్తుంది. అరవై దాటినవాళ్ళలో అలాంటి కొందరికి కూడా, మత్తిచ్చి సరిచేసి జాగ్రత్తగా వేసిన కట్టు సరిపోవచ్చని 2016లో బ్రిటన్ అధ్యయనం తేల్చింది. అయితే కట్టులో ఎముక వంకరగా అతికే అవకాశం ఎక్కువ, కొందరికి తర్వాత ఆపరేషన్ తప్పలేదు.

అపోహ: "నాటు కట్టు కట్టిస్తే అతుక్కుపోతుంది."

ఎముకలు చాలావరకు అతుక్కుంటాయి, ఆ గుణం వాటిలోనే ఉంది. కట్టు మీద మన పెద్దలకున్న నమ్మకాన్ని నేను చులకన చేయను. పుత్తూరు పేరు తెలియని తెలుగిల్లు అరుదు. కానీ కీలులో ఎముక అతుక్కోవడం ఒక్కటే చాలదు, ఉన్నచోటే అతుక్కోవాలి. టాలస్ ఒక్క మిల్లీమీటరు బయటికి జరిగితే ఎముకలు ఒకదానికొకటి ఆనే విస్తీర్ణం సగటున 42 శాతం తగ్గుతుందని 1976లో అమెరికాలో శవాల కాళ్ళ మీద చేసిన ప్రయోగంలో తేలింది. పై నుంచి తడిమి మిల్లీమీటర్లు చెప్పడం ఎవరి వల్లా కాదు, నా వల్లా కాదు. పైగా వాపు మీద బిగించి కట్టిన ఏ కట్టయినా, మేం వేసినదైనా సరే, వేళ్ళు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గకుండా పెరిగిపోతున్నా ఆ క్షణమే విప్పించాలి. తెల్లారే దాకా ఆగొద్దు.

అపోహ: "ఇంకా ఆపరేషన్ చేయలేదంటే డబ్బు కోసం తిప్పుతున్నారు."

వాచి బిగుసుకున్న చర్మం మీద కోత పెడితే కుట్లు విచ్చుకుంటాయి, ఇన్ఫెక్షన్ వస్తుంది. కాలు ఎత్తున పెట్టించి రోజూ చూస్తాం. చర్మం మీద మళ్ళీ సన్నటి ముడతలు కనిపిస్తేనే థియేటర్‌కి తీసుకెళ్తాం. ఒక్కోసారి వారం, పది రోజులు పడుతుంది. కీలు తప్పి పాదం పక్కకు తిరిగిపోతే మాత్రం ఆగేది లేదు, వెంటనే సరిచేసి కట్టు వేయాలి. ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే యాంటీబయాటిక్ తక్షణం మొదలుపెట్టి, గాయం త్వరగా కడగాలి.

అపోహ: "పప్పు, వంకాయ తింటే చీము పడుతుంది."

ఈ ఒక్క మాట వల్ల ఎంతమంది పెద్దావిడలు చారన్నంతో నెలలు గడిపేస్తున్నారో చూస్తే బాధగా ఉంటుంది. గాయం మానడానికి ప్రోటీన్ కావాలి. పప్పు తినండమ్మా, గుడ్డు తినండి, పెరుగు తినండి. చీముకు దారితీసేవి అదుపు తప్పిన షుగర్, బీడీ, సిగరెట్. పత్యం పెట్టాలనుకుంటే ముందు వాటికి పెట్టండి.

ఇక ప్లేటు సంగతి. ఇబ్బంది లేకపోతే జీవితాంతం ఉండొచ్చు. స్క్రూ తల చెప్పుకు ఒరుసుకుని నొప్పి పెడితే, ఇన్ఫెక్షన్ వస్తే తీస్తాం. అడుగు ఎప్పుడు మోపాలన్నది విరిగిన తీరును బట్టి, వేసిన ప్లేటు, స్క్రూల పట్టును బట్టి ఉంటుంది. కొందరిని రెండు వారాలకే నడిపిస్తాం, సిండెస్మోసిస్ చిరిగినవాళ్ళకు ఇంకా ఆలస్యం కావచ్చు. కాబట్టి పక్కింటాయన ఎప్పుడు నడిచాడన్నది మీ కాలికి వర్తించదు. సాయంత్రానికి వాపు రావడం కొన్ని నెలల పాటు మామూలే, దానికి నూనె పట్టించి గట్టిగా మర్దన చేయించకండి. పిక్క గట్టిపడి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అది రక్తం గడ్డ కావచ్చు. రివ్యూ తేదీ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి రండి.