ఒత్తిడిలో పప్పన్నం, పాత పాటలు: నా దగ్గరకొచ్చేవాళ్లు చెప్పే అపోహలు, అసలు వాస్తవాలు

విజయవాడలో చాలా ఏళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఇంటర్ పిల్లలు, రాత్రి షిఫ్టుల ఉద్యోగులు, ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లను చూసుకునే కోడళ్లు వస్తుంటారు. మొదటిరోజే చాలామంది గొంతు తగ్గించి, తప్పు ఒప్పుకుంటున్నట్టు ఒక మాట చెబుతారు. "రాత్రి పదకొండింటికి లేచి ఆవకాయన్నం కలుపుకుని తిన్నాను మేడమ్" అనో, "ఒకటే పాట తెల్లవార్లూ విన్నాను" అనో. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ సిగ్గు వెనక కొన్ని అపోహలున్నాయి.

అపోహ: టెన్షన్‌లో తిండి మీదకు మనసు పోయిందంటే నిగ్రహం లేనట్టే.

ఇంటర్వ్యూ రోజు పొద్దున ఇడ్లీ గొంతు దిగదు. అప్పటికప్పుడు వచ్చే కంగారులో అడ్రినలిన్ అనే హార్మోన్ ఆకలిని అణిచేస్తుంది. అదే ఒత్తిడి వారాల తరబడి సాగితే కథ మారిపోతుంది. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎక్కువగా విడుదలవుతూ ఉంటుంది. అది ఆకలిని పెంచుతుంది, ముఖ్యంగా తీపి మీదకు, నూనె పదార్థాల మీదకు మనసును లాగుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మేరీ డాల్‌మన్ బృందం 2003లో ఈ సంబంధాన్ని వివరించింది. దీర్ఘకాలం ఒత్తిడిలో ఉన్న శరీరం ఇలాంటి తిండితో ఆ ఒత్తిడి వ్యవస్థనే కాస్త చల్లార్చుకోవడానికి చూస్తుందని వాళ్ల వాదన.

అందరికీ ఇలాగే జరగదు. ఒకే ఇంట్లో అన్న కంచం ముట్టడు, తమ్ముడు రెండోసారి వడ్డించుకుంటాడు. అమ్మలు తినని పిల్లాడి గురించే బెంగపడతారు. "చిన్నాడు బానే తింటున్నాడండీ, వాడికేం లేదు" అంటారు. ఆ చిన్నాణ్ని కూడా ఒకసారి తీసుకురమ్మని అడుగుతాను.

అపోహ: స్వీటు తింటే మూడ్ బాగుపడుతుంది.

2019లో 31 అధ్యయనాలను కలిపి చూస్తే, చక్కెర, పిండి పదార్థాల వల్ల మూడ్ మెరుగుపడినట్టు కనిపించలేదు. పైగా తిన్న అరగంటలో అలసట పెరిగింది, గంటలోపు చురుకుదనం తగ్గింది. రాత్రి చదువుకు చాక్లెట్లు పక్కన పెట్టుకునే పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెబుతాను. తిండితో సెరటోనిన్ అనే, మూడ్‌తో సంబంధమున్న రసాయనం పెరిగి మనసు బాగుపడుతుందన్న మాట కూడా తరచూ వింటాను. మన ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది, అది అక్కడి నుంచి మెదడులోకి వెళ్లలేదు.

అపోహ: ఊరట అంతా ఆ వంటకంలోనే ఉంది.

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఒక ప్రయోగం ప్రచురించారు. మనసు పాడయ్యే వీడియోలు చూపించి, కొందరికి వాళ్లు కోరుకున్న ఇష్టమైన తిండి పెట్టారు. కొందరికి వేరే తిండి పెట్టారు, కొందరికి ఏమీ పెట్టలేదు. కాసేపటికి అందరి మూడ్ దాదాపు ఒకేలా కుదుటపడింది. ఇష్టమైనది తిన్నవాళ్లు ప్రత్యేకంగా బాగుపడిందేమీ లేదు. కాలమే ఆ పని చేసింది, ఆ పేరు తిండికి పోయింది.

ఇది చెబితే చాలామంది నొచ్చుకుంటారు. "అంటే మా అమ్మ చారులో ఏమీ లేదా?" అని ఒకావిడ నన్ను నిలదీసింది. ఉంది. 2011లో జోర్డన్ ట్రోయిసీ, షిరా గేబ్రియల్ అనే పరిశోధకులు చికెన్ సూప్‌తో ఒక ప్రయోగం చేశారు. ఆ సూప్ ఎవరికి ఊరటనిచ్చే తిండో, వాళ్లకు అది తాగాక అనుబంధాలకు సంబంధించిన మాటలు మనసులో తేలిగ్గా మెదిలాయి. మిగతావాళ్లకు అలా జరగలేదు. ఆ వంటకం వెనక మనకో మనిషి ఉంటారు. ఆ మనిషి గుర్తుకు రావడంలోనే ఊరట ఉంది.

వివరాలు మార్చి ఒక సంగతి చెబుతాను. అమెరికాలో ఉంటున్న ఒక అబ్బాయి, ఉద్యోగం పోయేలా ఉందన్న భయంతో వారానికి నాలుగు రోజులు బయటి నుంచి పప్పు, అన్నం తెప్పించుకునేవాడు. ఒక్కడే గదిలో తిని, తిన్నాక ఇంకా దిగులుపడేవాడు. వంట మార్చమని నేను చెప్పలేదు. ఆదివారం వాళ్లమ్మకు వీడియో కాల్ చేసి, ఆవిడ చెబుతుంటే తనే చారు పెట్టమన్నాను. చింతపండు నిమ్మకాయంత వేయమని ఆవిడ అంటే, అక్కడి నిమ్మకాయలు పెద్దవని ఇతను. అలా గంటసేపు. చారు పుల్లగా అయింది. "మూడు వారాల తర్వాత ఆ రాత్రే నిద్రపట్టింది" అన్నాడు. ఉద్యోగ భయం అలాగే ఉంది, కానీ దాని గురించి కూర్చుని మాట్లాడగలిగే స్థితికి వచ్చాడు.

ఇంటి తిండి అందరికీ ఊరటనిస్తుందని కూడా అనుకోకండి. చిన్నప్పుడు కంచం ముందే తిట్లు తిన్నవాళ్లకు ఆ వాసనకే కడుపులో తిప్పుతుంది. వాళ్లను బలవంతపెట్టొద్దు.

అపోహ: బాధలో ఉన్నప్పుడు విషాద గీతాలు వింటే ఇంకా కుంగిపోతారు.

ఎక్కువమందికి అలా జరగదు. 2014లో ప్రచురించిన ఒక సర్వేలో 700 మందికి పైగా శ్రోతలను అడిగితే, విషాద సంగీతం విన్నప్పుడు తమకు అన్నిటికంటే ఎక్కువగా కలిగేది పాత రోజుల జ్ఞాపకాల తీయదనం అన్నారు. మన దుఃఖాన్ని ఇంకో గొంతు పాడుతుంటే ఒంటరితనం తగ్గుతుంది. కానీ డిప్రెషన్‌లో ఉన్న కొందరికి అదే పాట, జరిగిన గొడవను మళ్లీ మళ్లీ తవ్వుకునే పార అవుతుంది. అందుకే నేను అడిగే ప్రశ్న ఒక్కటే: పాట అయ్యాక గుండె తేలికైందా, బరువెక్కిందా? బరువెక్కితే ఆ పాటను కొన్నాళ్లు పక్కన పెట్టండి.

అపోహ: ఫలానా రాగం ఫలానా జబ్బుకు మందు.

నీలాంబరిని జోలపాటల రాగం అంటాం. ఆ సంప్రదాయం అంటే నాకు గౌరవం, మా అమ్మ జోలపాటలే నాకు తెలిసిన మొదటి సంగీతం. అయితే ఈ రాగం బీపీకి, ఆ రాగం షుగర్‌కు అని ఫోన్లలో తిరిగే జాబితాలకు రుజువు లేదు. అవి నమ్మి మాత్రలు మానేసినవాళ్లను చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను.

సంగీతానికి బలం ఉన్నమాట నిజం. ఆపరేషన్‌కు ముందు సంగీతం వినిపిస్తే రోగుల ఆందోళన తగ్గిందని 26 ప్రయోగాలను సమీక్షించిన 2013 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే సంస్థ) నివేదిక చెబుతోంది. ఇటలీకి చెందిన లూచానో బెర్నార్డీ బృందం 2006లో ఇంకో ఆసక్తికరమైన సంగతి గమనించింది. వేగమైన సంగీతం శ్వాసను, గుండెను పరుగెత్తించింది. సంగీతం మధ్యలో రెండు నిమిషాలు ఆపితే, ఆ నిశ్శబ్దంలోనే గుండె వేగం, రక్తపోటు బాగా దిగాయి, మొదలుపెట్టక ముందు ఉన్నదానికన్నా కిందికి.

అందుకని నేనిచ్చే సలహా ఇది: మీకు నచ్చిన నెమ్మదైన పాటలు రెండో మూడో వినండి. తర్వాతి పాట దానంతటదే మొదలయ్యే సెట్టింగ్ తీసేయండి. ఆఖరి పాట ఆగాక రెండు నిమిషాలు కదలకుండా కూర్చోండి.

అపోహ: పాటలు, వీడియోలు పెట్టుకుని తింటే రెట్టింపు ఊరట.

దృష్టి ఇంకోచోట ఉంటే ఎక్కువ తింటాం. ఏం తిన్నామో సరిగ్గా గుర్తుండదు కాబట్టి తర్వాతి పూట కూడా ఎక్కువే తింటాం. ముందు పాట వినండి, తర్వాత తినండి.

అపోహ: ఇది అలవాటే, జబ్బయ్యే ప్రసక్తే లేదు.

ఎప్పుడో ఒక రాత్రి ఆవకాయన్నం జబ్బు కాదు. కానీ తక్కువ సమయంలో చాలా ఎక్కువ తినేయడం, ఆపుదామన్నా ఆపలేకపోవడం, దాచుకుని తినడం, తర్వాత తనమీద తనకే అసహ్యం కలగడం, ఇవి వారానికి ఒక్కసారైనా మూడు నెలలపాటు జరిగితే అది చికిత్స ఉన్న ఒక రుగ్మత కావచ్చు. తిన్నాక కావాలని వాంతి చేసుకుంటుంటే మూడు నెలలు ఆగకండి.

పిల్లల మంచం కింద చిప్స్ కవర్లు దొరికితే వాటిని లెక్కపెట్టి నిలదీయకండి. పక్కన కూర్చుని, "ఈ వారం ఎలా గడిచింది నాన్నా?" అని అడగండి. జవాబు రాకపోయినా కాసేపు కూర్చోండి. ఇంట్లో మాట సాగకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ఇది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. "తిండి గురించండీ" అని మొదలుపెట్టినా ఫర్వాలేదు.