తుపాను డ్యూటీలో విన్న అపోహలు

తీర మండలాల్లో రెవెన్యూ ఉద్యోగం చేసినన్నాళ్లూ అక్టోబరు, నవంబరు నెలల్లో నాకు సెలవు దొరికింది తక్కువ. టీవీలో వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, మా ఆవిడ నా బ్యాగు సర్దేసేది. ఆ డ్యూటీల్లో జనం నోటా, అప్పుడప్పుడు మా ఆఫీసులోనే విన్న మాటలివి.

అపోహ: 1977లో శాటిలైట్లు, సెల్‌ఫోన్లు ఉండి ఉంటే దివిసీమ బతికేది.

వాస్తవం: బంగాళాఖాతంలో తుపాను ఉందని అప్పుడూ తెలుసు, హెచ్చరికలూ వెళ్లాయి. నవంబరు 19న ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున మీద పడింది. అధికారిక లెక్కలోనే దాదాపు 10,000 మంది పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. హెచ్చరిక విన్నవాడు మాత్రం ఎక్కడికి వెళ్తాడు? ఊరంతా తాటాకు ఇళ్లే. 1990 మేలో మళ్లీ అదే కృష్ణా డెల్టా మీదికి అంతటి తుపానే వచ్చింది. అప్పటికీ సెల్‌ఫోన్లు లేవు. అయినా లక్షన్నర మందికి పైగా ముందే తరలించారు, మృతులు వెయ్యి లోపు. ఈ పదమూడేళ్లలో తుపాను షెల్టర్లు వచ్చాయి. 1985లో పెద్ద తాలూకాలు పోయి చిన్న మండలాలు రావడంతో ఆఫీసు ఊరికి దగ్గరైంది. ఈ రెండోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, తాలూకా రోజుల్లో పనిచేసిన పెద్దవాళ్లను అడిగితే తేడా చెబుతారు.

అపోహ: అప్పటి నుంచి ఏడాదికేడాది మెరుగవుతూనే ఉన్నాం.

వాస్తవం: 1996 నవంబరు 6 తుపాను గుర్తుందా? కోనసీమలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. సముద్రం మీదున్న మత్స్యకారులు చాలామంది తిరిగి రాలేదు. ఊళ్లో మైకు పెట్టి ఎంత అరిచినా నడిసంద్రంలో పడవకు ఏం వినపడుతుంది? వేటకు వెళ్లొద్దని ఇప్పుడు రోజుల ముందే చెప్పడం ఇలాంటి దెబ్బలు తిన్నాక నేర్చుకున్నదే.

అపోహ: రేవులో 10వ నంబరు ప్రమాద సూచిక ఎగిరిందంటే 8 కంటే పెద్ద తుపాను.

వాస్తవం: కాదు. 8, 9, 10 మూడూ అతి ప్రమాద సూచికలే. తుపాను రేవును ఏ పక్కన వదిలి వెళ్తుందో 8, 9 చెబుతాయి, రేవు మీదుగానో మరీ దగ్గరగానో దాటుతుందంటే 10. ఇవి ఓడల కోసం పెట్టినవి. 1864లో కలకత్తా, మచిలీపట్నం రెండూ తుపానులకు నాశనమయ్యాయి, మరుసటి ఏడే కలకత్తా రేవులో హెచ్చరికలు మొదలయ్యాయి. ఊళ్లో వాళ్ల సంగతి తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

అపోహ: జాతీయ విపత్తుగా ప్రకటిస్తేనే డబ్బులొస్తాయి.

వాస్తవం: 2005 విపత్తు నిర్వహణ చట్టంలో అలా ప్రకటించే నిబంధనే లేదు. తీవ్ర విపత్తు అని గుర్తిస్తే అదనపు సాయం రావచ్చు, అంతే.

అపోహ: షెల్టర్ కట్టేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఓసారి రాత్రి పదకొండు గంటలకు ఒక పల్లెలో షెల్టర్ దగ్గరికి అరవై మందిని తీసుకెళ్లాం. తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నాయన పెళ్లికి వెళ్లాడు. రాయితో పగలగొట్టి చూస్తే లోపల ధాన్యం బస్తాలు. వాటి మీదే పిల్లల్ని పడుకోబెట్టాం. ఒక ముసలమ్మ మాత్రం గేదెను వదిలి రానంది. "అది పోతే నన్నెవరు చూస్తారు బాబూ?" అంది. చివరికి గేదెను షెల్టర్ మెట్ల కింద కట్టేస్తేనే లోపలికొచ్చింది. ఆడవాళ్లకు బాత్రూం లేక తెల్లారేదాకా పడ్డ ఇబ్బంది ఏ రిపోర్టులోనూ రాయలేదు. నేనూ రాయలేదు.

అపోహ: ప్రాణనష్టం తగ్గింది కాబట్టి అన్నీ బాగుపడ్డట్టే.

వాస్తవం: తుపానుకు ముందు చేసే పనిలో ఇప్పటి ప్రభుత్వాలు పాతవాటికంటే ఎంతో మెరుగు, ఎవరున్నా సరే. తుపాను వెళ్లాక చేసే పనికి మాత్రం ఆ మాట అనలేను. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు, నీళ్లు లేవు. పంట నష్టం 33 శాతం దాటితేనే ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే పంట పోయిన రైతుకు ప్రభుత్వమిచ్చే సాయం. 2015కు ముందు 50 ఉండేది, అదొక్కటే ఊరట. పడిపోయిన వరి ఎంత శాతమో గట్టు మీద నిలబడి కంటిచూపుతో రాసేవాళ్లం. కౌలు రైతు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి "నా పేరే రాశారా సార్?" అని అడిగేవాడు. మా దగ్గరున్న జాబితాలో ఉన్నది హైదరాబాద్‌లో ఉండే భూమి యజమాని పేరు.